రేకు తలుపు మీది బొటనవేలి గుర్తులు

మా షెడ్డుకు ఒక రేకు తలుపు ఉంది. బయటి నుంచి చూస్తే తుప్పు పట్టిన మామూలు తలుపే. లోపలి వైపు మాత్రం పై నుంచి కింది దాకా బొటనవేలి గుర్తులే. బస్సుకు వేసే రంగు కలపడం అయిపోగానే, స్ప్రే గన్‌లో పోసే ముందు, కలిపిన మనిషి బొటనవేలు ముంచి ఆ తలుపు మీద ఒక్కసారి నొక్కాలి. ఇది మా నాయన పెట్టిన పద్ధతి. మళ్లీ అదే రంగు కావాలంటే చూసుకోవడానికి నమూనా ఉంటుందని ఆయన చెప్పేవాడు. అసలు సంగతి అది కాదని నా అనుమానం. బస్సు మీద ఆయన పేరు ఎవరూ రాయరు కాబట్టి, తలుపు మీద వేలు పెట్టుకునేవాడు.

నాయన బొటనవేలికి అడ్డంగా ఒక గీత ఉంది. పాత రంగు గోకుతుంటే గోకుడు రేకు జారి తెగిన గాయం, మానినా గాడి మిగిలిపోయింది. అందుకని ఆయన పెట్టిన ప్రతి గుర్తునూ ఆ గీత రెండుగా కోస్తుంది.

మేము భద్రాచలం వైపు నుంచి వచ్చిన వాళ్లం. నాకు ఊహ తెలిసేసరికే సరిహద్దు దాటి ఈ అడవి పక్క ఊళ్లో ఉన్నాం. బడిలో హిందీ, సంతలో ఇక్కడి వాళ్ల హల్బీ, ఇంట్లో తెలుగు, కోపమొస్తే మూడూ కలిపి. మా ఊరి పురపాలికకు సొంత బస్సులున్నాయి. సిటీ బస్సులని పేరే గాని, సిటీ ఎక్కడుందని తిరుగుతాయి, తిరిగేది ఊళ్లకే. వాటి చరిత్ర ఏ ఆఫీసు ఫైల్లోనూ సరిగ్గా లేదు. మా తలుపు మీద ఉంది.

అన్నిటికంటే పైన ఉన్నది మట్టి ఎరుపు. గోదావరి అవతల నుంచి రెండు పాత బస్సులు కొనుక్కొచ్చారు. వాటి గీతలు చెరిపి, ఉన్న ఎరుపుకే ఇంకో పూత వేయించారు. దాని కింద మీగడ రంగు, నడుముకు గోధుమ పట్టీ. అది నాయనకు ఇష్టమైన రంగు. బస్సు తోమిన ఇత్తడి బిందెలా ఉండేదని ఇప్పటికీ చెప్తాడు. తర్వాత పురపాలిక కుర్చీలో మనిషి మారాడు, బస్సులు నీలమయ్యాయి. ఆ మనిషీ దిగిపోయాడు, పసుపు వచ్చింది.

ఆ పసుపు ఒక పెద్ద తమాషా. పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు ఎవరో చిత్రం చూసి ఎంచాడట. రోడ్డెక్కిన మొదటి రోజే బడి పిల్లలంతా సంచులతో సహా అందులోకి ఎక్కి కూర్చున్నారు. పెద్దవాళ్లేమో ఇది పిల్లల బండి అని పక్కకు తప్పుకున్నారు. కండక్టరు టికెట్టు అడిగితే ఒక పిల్ల, మా మాస్టారు చెప్పలేదే అందట. నాయన ఆ సంగతి చెప్పి చెప్పి నవ్వేవాడు. మూడు నెలల్లో మళ్లీ గోకించి తెలుపు వేయించారు. మా రోడ్ల మీద తెలుపు ఎన్నాళ్లుంటుంది? వారం తిరిగేసరికి ఎర్ర దుమ్ము పట్టి బస్సులు తలుపు మీది మొదటి రంగుకే వెళ్లిపోయాయి.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, రంగు మార్చినప్పుడల్లా నాయన గొణుక్కునేవాడు. ఆఫీసులో వాళ్లకు రంగంటే రంగే. అడవి అంచు ఊళ్లలో మనుషులు బస్సు నుదుటి మీది అక్షరాలు చదివి ఎక్కరు. నీలం బండి పోయిందా, తెల్ల బండి ఇంకా రాలేదా అని అడుగుతారు. దూరాన మలుపులో రంగు కనబడితే మూట నెత్తికెత్తుకుంటారు. "రంగు మార్చుడంటే వాళ్ల దారి మార్చుడే. చెప్పకుండ మారుస్తే ఎట్ల?" అని అనేవాడు. ఆ మాట మీద నాకప్పుడు పెద్ద గౌరవమేమీ లేదు. నాయనకు ప్రతిదీ ఇంత చేసి చెప్పడం అలవాటని విసుక్కునేదాన్ని.

ఆఖరున వచ్చింది చిగురాకు పచ్చ. ఏడు బస్సులకూ అదే రంగు, కిటికీల కింద తెల్ల పట్టీ.

ఆ పచ్చ సంగతి చెప్పే ముందు నాయన కళ్ల సంగతి చెప్పాలి. దానికి రెండేళ్ల ముందు ఒక దుకాణం బోర్డు రాస్తూ, ఎరుపనుకుని పక్క డబ్బాలోని గోధుమ రంగుతో సగం అక్షరాలు రాసేశాడు. ఆయన అన్నానికి వెళ్లినప్పుడు నేను వాటి మీద ఎరుపు దిద్దాను. తర్వాత కళ్ల శిబిరానికి తీసుకెళ్తే రెండు కళ్లలోనూ శుక్లాలన్నారు. ఆపరేషన్ అనగానే ఇంటికి నడిచాడు. "కన్ను కోయించుకొని రంగులేం వేస్త? రంగు నా చేతికి తెలుసు" అన్నాడు. ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే.

అప్పుడు నేనొక పని మొదలుపెట్టాను. రోజూ ఆయన కంటే ముందు షెడ్డుకు వెళ్లి డబ్బాలు ఒకే వరుసలో పెట్టేదాన్ని. ఎడమ నుంచి తెలుపు, పసుపు, ఎరుపు, నీలం. తర్వాత ఒక ఇటుక అడ్డం. ఇటుక అవతల నలుపు, గోధుమ. నాయన చెయ్యి చాస్తే కావలసినది చేతికి వచ్చేది. తప్పులు ఆగిపోయాయి. ఆయనకు తెలియకుండా ఆయన పరువు కాపాడుతున్నానని నాలో నేను మురిసిపోయేదాన్ని. చెప్పొద్దూ, కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆరు బస్సులు చక్కగా అయ్యాయి. కలిపి ఉంచిన రంగు అక్కడితో అయిపోయింది. ఏడోది కొత్త దారికి వెళ్లాల్సిన బస్సు. ఆవపల్లి మీదుగా తర్రెం వైపు వెళ్లే రోడ్డు బాగుచేశారు. ఆ రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఒక ఊరి దాకా మొదటిసారి బస్సు వేస్తున్నారు. ఆ ఊరి మితానిన్, అంటే ఇంటింటికీ తిరిగి గర్భిణులనూ పసిపిల్లలనూ చూసుకునే ఆరోగ్య కార్యకర్త, ఏళ్ల తరబడి ఆఫీసు చుట్టూ తిరిగి సాధించిన బస్సది. మర్నాడే పూలదండ వేసి పంపాలని పురపాలిక బస్సుల ఇన్‌స్పెక్టరు పొద్దున్నే వచ్చి, కుర్చీ వేయించుకుని మా నెత్తిన కూర్చున్నాడు.

ఆ ముందు రోజు రంగు పలచన చేసే థిన్నర్ డబ్బా కారి నేలంతా తడిసింది. డబ్బాలన్నీ తీసి కడిగాను. తెల్లారి హడావిడిలో తిరిగి పెట్టాను. నీలం డబ్బా అయిపోవడంతో కొత్తది తెరిచి చివర పెట్టి, నలుపును ఇవతలికి జరిపాను. ఇటుక ఎక్కడికి పోయిందో చూడనే లేదు. తర్వాత సర్దుదామనుకుని, కిటికీ అద్దాలకు అంటించడానికి పాత పేపర్లు తేవడానికి ఇంట్లోకి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి నాయన డ్రమ్ములో కర్ర తిప్పుతున్నాడు. అప్పటికే పసుపు పోసుకుని, నాలుగో డబ్బా తీసి వంచేశాడు. రెడీమేడ్ పచ్చ మీద ఆయనకు ఎప్పుడూ నమ్మకం లేదు, పసుపు, నీలం కలిపే పచ్చ పుట్టించేవాడు. పసుపులో నీలం పడితే చిగురు పచ్చ వస్తుంది. నలుపు పడితే ఇంకో పచ్చ వస్తుంది. ఆ ఇంకో పచ్చ ఏదో మా వైపు అందరికీ తెలుసు. పోలీసు బలగాల క్యాంపుల్లోకి వెళ్లే బండ్ల రంగు.

డ్రమ్ములోకి చూశాను. అందులో ఉన్నది చిగురు కాదు, ఆ ఇంకో పచ్చే. నాయన బొటనవేలు ముంచి తలుపు దగ్గరికి వెళ్లి, పాత పచ్చ గుర్తు పక్కనే నొక్కాడు. "చూసినవా బిడ్డా, అదే చిగురు. చేతికి తెలుసన్న గదా" అని నవ్వాడు.

నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఇన్‌స్పెక్టరు ముందే, నీ కళ్లు పోయాయి నాయనా అని చెప్పినట్టు. ఆ మాట ఆఫీసుకు చేరితే పని పోతుంది. పని పోతే ఆ మనిషి ఏం చేస్తాడు? మంచంలో కూర్చుని తలుపు చూస్తాడా? ఇవన్నీ ఒక్క క్షణంలో అనుకున్నాను. ఆరిన తర్వాత కొంచెం తేలుతుందిలే, ఎండకు వెలుస్తుందిలే అని కూడా అనుకున్నాను. పిరికితనానికి ఎప్పుడూ ఏదో ఒక సాకు దొరుకుతుంది. నేనే గన్‌లో పోశాను, నేనే పట్టుకుని కొట్టాను. సాయంత్రానికి బస్సు తయారైంది. ఇన్‌స్పెక్టరు చుట్టూ తిరిగి చూసి, "థోడా గాఢా హై, చలేగా" అన్నాడు. కొంచెం ముదురుగా ఉంది, పోనీలే అని.

మర్నాడు బంతిపూల దండ వేసుకుని బస్సు వెళ్లింది. సాయంత్రం ఖాళీగా తిరిగొచ్చింది. రెండో రోజూ అంతే. ఆవపల్లి దాకా జనం ఉంటున్నారు, రోడ్డు దిగి లోపలికి తిరిగాక ఒక్కరూ ఎక్కడం లేదు. ఇప్ప పూలు ఏరే రోజులు కదా, అందరూ అడవిలో ఉంటారులే అన్నాడు డ్రైవరు. వారం తర్వాత కండక్టరు మా షెడ్డు దగ్గర టీ తాగుతూ అసలు మాట చెప్పాడు. "బండి కనబడంగనే రోడ్డు మీది మనుషులు పొలంల దిగిపోతున్నరు. హారన్ కొడితే ఇంక దూరం పోతున్నరు" అన్నాడు. నాయన ఆశ్చర్యపోయి, బస్సును చూసి భయమెందుకు అన్నాడు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్నేమో. ఎవరూ అడగలేదు.

పన్నెండో రోజున ఆ మితానిన్ వచ్చింది. ఊరి నుంచి ఆవపల్లి దాకా నడిచి, అక్కడ వేరే బండి పట్టుకుని వచ్చింది. నా వయసు మనిషే. పాదాల నిండా దుమ్ము. ముందు ఆఫీసుకు వెళ్లి, బస్సుకు రంగు వేసింది ఎవరని అడిగి, ఇన్‌స్పెక్టరునూ వెంటబెట్టుకుని వచ్చింది. మంచినీళ్లిస్తే తాగి, నాయన వైపు తిరిగి మొదలుపెట్టింది.

"పెద్దయ్యా, మా దారిల ఆ రంగు బండ్లు ఎవరియో నీకు ఎరికలేదా? ఆ బండి వస్తే దారి దిగాలని మా పిల్లలకు నడక రాంగనే నేర్పుతం. ఆ బండెక్కి దిగినోళ్లను రేపు అడవిల ఉన్నోళ్లు నాలుగు తీర్ల అడుగుతరు. ఎందుకు ఎక్కినవ్, ఎవలతోని మాట్లాడినవ్ అని. ఎవలెక్కుతరు?"

నాయన ఏమీ అర్థం కాని మొహంతో, "మేం వేసింది చిగురు పచ్చమ్మా" అన్నాడు.

"ఏంది చిగురు? ఇంటి ముందర నిలవెట్టి చూడు" అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. "మొన్న ఒక పిల్లకు నొప్పులొచ్చినయ్. మంచం మీద మోసుకొని రోడ్డు దాకా పోతున్నం. మా పక్కపొంటే ఈ బండి పోయింది, ఖాళీగ. ఆపిన్రు గుడ. నేను ఎక్కియ్యమన్న, కాళ్లు మొక్కిన. దాని మొగుడు ఒప్పుకోలె, అత్త ఒప్పుకోలె. మోసుకొనే పోయినం. తల్లి దక్కింది. బిడ్డ దక్కలె."

షెడ్డులో కంప్రెసరు ఆడుతోంది. ఎవరు ఆపారో గుర్తు లేదు. ఇన్‌స్పెక్టరు, ఈ రంగు ఎవరు కలిపారని హిందీలో అడిగాడు. ఆయన కోపం కంటే ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ భయపెట్టింది. నాయన పెదవి కదిలింది.

"నేనే" అన్నాను. "నాయన ఆ రోజు ముట్టుకోలేదు. నేనే తప్పు డబ్బా పోశాను."

ఇన్‌స్పెక్టరు నన్ను తిట్టిన తిట్లు రాయక్కర్లేదు. ఆడవాళ్లకు ఈ పని ఎందుకనే దగ్గర మొదలుపెట్టి చాలా దూరం వెళ్లాడు. నాయన తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు. మితానిన్ మాత్రం నన్ను చూసి, "గట్లనా అక్కా" అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

బస్సును వెనక్కి తెప్పించి, రెండు రోజులు గోకి మళ్లీ వేశాం. గోకుతుంటే అంచుల దగ్గర పొరలు బయటపడ్డాయి. క్యాంపు పచ్చ, దాని కింద తెలుపు, పసుపు, నీలం, మీగడ, ఎరుపు. ఆ రెండు రోజులూ నాయన గరుకు కాగితం పట్టుకుని ఒక మూల రుద్దుతూ కూర్చున్నాడు. రంగు కలపడానికి పిలిచాను, రాలేదు. నేనే కలిపాను.

చిగురాకు పచ్చలో బస్సు మళ్లీ ఆ దారిన వెళ్లింది. మొదటి మూడు రోజులూ మితానిన్ ఒక్కతే ముందు సీట్లో, అందరికీ కనబడేలా కూర్చుని తిరిగిందట. నాలుగో రోజు ఇద్దరు ముసలమ్మలు చింతపండు మూటలతో ఎక్కారు. కానీ అప్పటికే ఖాళీ బస్సు సంగతి పైకి వెళ్లిపోయింది. రోజూ వెళ్లాల్సిన బస్సును వారానికి ఒక్కసారి, సంత రోజుకు మార్చేశారు. రంగు మార్చినంత తేలిగ్గా ఆ కాగితం మారలేదు. నేను ఆఫీసుకు రెండుసార్లు వెళ్లాను. రంగు వేసే దానికి టైముల సంగతి ఎందుకన్నారు.

ఆ తర్వాత ఒక సంత రోజు మితానిన్ అదే బస్సు దిగి మా షెడ్డు ముందు నుంచే వెళ్తూ కనబడింది. బస్సు వచ్చింది కదా అని, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "వచ్చింది అక్కా. సంతకు వచ్చింది. మరి నొప్పులను గుడ సంత రోజు చూసుకొని రమ్మని చెప్పాల్నా?" అని వెళ్లిపోయింది. సాయంత్రం దాకా ఏ పనీ చేతికి రాలేదు.

ఆ సాయంత్రమే తలుపు మీది ఆ గుర్తు చెరిపేద్దామని, గుడ్డకు థిన్నర్ అద్దుకుని నిలబడ్డాను. దాన్ని చూస్తూ పని చేయడం ఇక నా వల్ల కాలేదు. వెనక నుంచి నాయన "ఆగు" అన్నాడు.

దగ్గరికి వచ్చాడు. తలుపు మీద చెయ్యి ఆనించి, తడుముకుంటూ ఆ గుర్తు దగ్గర ఆపి, బొటనవేలు దాని మీద ఉంచాడు. ఎండిన రంగులోని గీత ఆయన వేలి గాడికి సరిగ్గా కుదిరింది.

"ఇది నా వేలే" అన్నాడు. "నీ వేలికి గీత లేదు. నేనే కలిపిన అని ఎందుకు చెప్పినవ్?"

"నీ పని పోతదని నాయనా."

"అది సరే. ఇంకోటి అడుగుత." ఆయన నా వైపు తిరగలేదు. "రెండేండ్ల సంది డబ్బాల వరుస సర్దేది నువ్వే గదా. నాకు ఎరికలేదనుకున్నవా? నాకు రంగులు కనబడి చాన దినాలయింది బిడ్డా. నువ్వు పెట్టిన వరుస లెక్కపెట్టుకొనే తీస్తున్న. నాలుగోది నీలమని వంచిన. నా కన్నును నమ్మి వంచలె, నిన్ను నమ్మి వంచిన. వరుస మార్చినవ్, పోనీ. డ్రమ్ముల చూసినంక ఒక్క మాట ఎందుకు చెప్పకపోతివి?"

థిన్నర్ గుడ్డ కింద పెట్టేశాను. ఆయనకు తెలియదనుకుని నేను, నన్ను అలాగే అనుకోనిస్తూ ఆయన, ఒకరి పరువు ఒకరం కాపాడుకుంటూ రెండేళ్లు గడిపాం. దాని ఫలితం మాకు తగల్లేదు, అడవి దారిలో మంచం మోసిన వాళ్లకు తగిలింది.

ఆ క్యాంపు పచ్చ కలిపిన డ్రమ్ము ఇంకా మూలనే ఉంది, దాని అడుగున కొంచెం రంగు మిగిలి పైన పొర కట్టి ఉంది. నాయన కర్రతో ఆ పొర పొడిచి, డ్రమ్మును నా ముందుకు జరిపాడు. "నీది గుడ పెట్టు" అన్నాడు.

తర్వాత ఆయన ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇప్పుడు రంగులన్నీ కనబడతాయి, అయినా కలిపే కర్ర పట్టుకోడు. రంగులు కలిపేది నేనే, కింది వరుసల్లో ఉన్నవన్నీ నా గుర్తులే. వాటికి పైన, ఆ క్యాంపు పచ్చ మాత్రం రెండు వేళ్లతో ఉంది. ఒకదానికి అడ్డంగా గీత ఉంటుంది. గీత లేనిది నాది.